అందరికీ కొంచెం కొంచెం తెలుసు

2024 సెప్టెంబరు 4న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో విండర్ అనే చిన్న ఊళ్లోని అపాలాచీ హైస్కూల్లో పద్నాలుగేళ్ల కుర్రవాడు తుపాకీ పేల్చి ఇద్దరు విద్యార్థులనూ ఇద్దరు ఉపాధ్యాయులనూ చంపాడు. మేం అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఒక శివారులో ఉంటాం. విండర్ మాకు కారులో గంట ప్రయాణం. మధ్యాహ్నం నేను మా అమ్మాయి బడి బయట కారులో కూర్చుని ఉండగానే తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. అక్కడ అప్పటికి అర్ధరాత్రి కావస్తోంది. “మీ ఊరికి ఎంత దూరమే అది? పిల్ల నీ కంటికి కనబడిందా?” అని రెండుసార్లు అడిగింది. గేటులోంచి పిల్ల వస్తోందని చెప్పాక కాస్త ఊపిరి తీసుకుని, “వాడికి పిచ్చి పట్టిందా ఏమిటే?” అంది. అమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయింది. ఆ వయసు పిల్లలను వేలమందిని చూసిన మనిషి అడిగిన ప్రశ్న కాబట్టి నాకు అది మామూలు ప్రశ్నలా అనిపించలేదు.

ఆ వారమంతా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట తిరిగింది: మన పిల్లలు ఇలాంటివి చెయ్యరు, మన పెంపకం వేరు. నేను అక్కడ ఏమీ రాయలేదు. అప్పటినుంచి దొరికిన దర్యాప్తు నివేదికలన్నీ చదువుతూ వచ్చాను, చదివినకొద్దీ పిచ్చి అనే జవాబు మీదా పెంపకం అనే జవాబు మీదా నమ్మకం పోయింది. ఇప్పుడు నాకు కలిగిన అభిప్రాయం ఇది: ఈ ఘోరాల్లో చాలావాటికి ముందు ఆ పిల్లవాడి చుట్టూ ఉన్న పదిమందికీ తలా ఒక ముక్క తెలిసే ఉంటుంది, ఆ ముక్కలు ఒకచోట చేరవు, చేరకుండా ఆపేది మనం మంచితనమనీ మర్యాద అనీ అనుకునే అలవాట్లే. ఈ వ్యాసంలో కాల్చినవాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు. దానికి కారణం తరవాత చెబుతాను.

పిచ్చి అనే జవాబు

అమెరికా అధ్యక్షుడికి రక్షణ కల్పించే సీక్రెట్ సర్వీసు, ఆ దేశ విద్యాశాఖతో కలిసి 1974 నుంచి 2000 వరకు బడుల మీద జరిగిన 37 దాడులనూ, వాటికి పాల్పడిన 41 మందినీ పరిశీలించి 2002లో ఒక నివేదిక ఇచ్చింది. దాడికి ముందు మానసిక వ్యాధి ఉందని వైద్యులు నిర్ధారించినవాళ్లు ఆ 41 మందిలో 17 శాతమే. అసలు ఒక్కసారైనా మానసిక వైద్యుల పరీక్షకు వెళ్లినవాళ్లే మూడోవంతు. ఆత్మహత్య గురించి ఆలోచించినవాళ్లో ప్రయత్నించినవాళ్లో మాత్రం 78 శాతం ఉన్నారు. 17, 78 అనే ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు కూర్చున్నాను. మనం వాడే పిచ్చి అనే మాటలో మతి తప్పడం, లేనిది ఉన్నట్టు కనబడడం వంటి అర్థాలున్నాయి. ఈ పిల్లల్లో ఎక్కువమందిది ఆ స్థితి కాదు. బతకాలన్న కోరిక చచ్చిపోయి, ఆ చావు ఊరందరికీ తెలిసేలా ఉండాలని, తన బాధకు కారణమని తాను అనుకున్నవాళ్లను కూడా తీసుకుపోవాలని నిశ్చయించుకున్న స్థితి అది.

అయితే అందరినీ ఒకే మూసలో పోయడం తప్పు. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిపిన ఇద్దరిలో ఒకడి నోటుపుస్తకాలు రెండేళ్లపాటు చావాలన్న కోరికతోనే నిండి ఉన్నాయి. రెండోవాడి రాతల్లో దుఃఖం దాదాపు లేదు, మనుషులందరి మీదా చల్లటి తిరస్కారం ఉంది. ఒకే దాడిలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరే ఇంత వేరుగా ఉన్నప్పుడు, వేరువేరు ఊళ్లలో పుట్టినవాళ్లకు ఒకే కారణం చూపించగలమని నేను అనుకోను. సీక్రెట్ సర్వీసు నివేదిక కూడా దాడి చేయబోయేవాడు ఇలా ఉంటాడని చెప్పగల నమూనా ఏదీ లేదని స్పష్టంగా రాసింది. వాళ్లలో పేద ఇళ్లవాళ్లూ ఉన్నారు, కలిగిన ఇళ్లవాళ్లూ ఉన్నారు. నలభై ఒక్క శాతం మంది చదువులో మంచి మార్కులే తెచ్చుకుంటున్నారు. కుంగిపోయిన పిల్లలు లక్షల్లో ఉంటారు, వాళ్లలో దాదాపు ఎవరూ ఎవరికీ హాని చెయ్యరు. ఒక దుర్ఘటన జరిగిన ప్రతిసారీ పిచ్చి అనే ముద్ర ఆ లక్షలమంది మీద పడుతుంది. సాయం అడగడానికి నోరు తెరవబోయిన పిల్ల ఆ ముద్రను చూసి మళ్లీ నోరు మూసుకుంటుంది.

గుంపులో చేరలేకపోయినవాడు

మనకు టీవీ అలవాటు చేసిన బొమ్మ ఒకటుంది: నల్లకోటు వేసుకుని, ఎవరితోనూ కలవకుండా మూల కూర్చునే కుర్రవాడు. సామాజిక శాస్త్రవేత్త కాథరిన్ న్యూమన్ తన బృందంతో కలిసి కెంటకీ రాష్ట్రంలోని పడూకా దగ్గర 1997 డిసెంబరు 1న హీత్ హైస్కూల్లో జరిగిన కాల్పులనూ, 1998 మార్చి 24న ఆర్కన్సాలోని జోన్స్‌బరోలో పదమూడేళ్ల, పదకొండేళ్ల పిల్లలు చేసిన దాడినీ ఆ ఊళ్లకు వెళ్లి, వందకు పైగా మనుషులతో మాట్లాడి పరిశీలించింది. ఆమెకు దొరికిన మనిషి ఈ ఒంటరివాడు కాడు. గుంపులో చేరాలని పదేపదే ప్రయత్నించి, ప్రతిసారీ సగంలోనే నిలిచిపోయినవాడు. స్నేహితులు అసలు లేనివాడి కంటే, ఉన్న స్నేహితుల మధ్య తన స్థానం ఏమిటో తెలియక ప్రతిరోజూ దాన్ని కొత్తగా సంపాదించుకోవలసి వచ్చినవాడి కథ వేరు.

హీత్ హైస్కూల్లో కాల్చిన పిల్లవాడికి పద్నాలుగేళ్లు. తండ్రి పేరున్న లాయరు. అక్క అదే బడిలో తరగతికే ప్రథమురాలు. ఎనిమిదో తరగతిలో ఉండగా బడి పత్రికలో, వాడు మగపిల్లలను ఇష్టపడతాడని వెక్కిరిస్తూ ఒక ముక్క అచ్చయింది. ఆ తరవాత ఆ వెక్కిరింపు వాడిని వదల్లేదు. తోటివాళ్ల కంట పడాలని వాడు బడికి దొంగ వస్తువులు తెచ్చి పంచాడు, ఒకసారి తుపాకీ తెచ్చి చూపించాడు. సోమవారం ఏదో పెద్దది జరగబోతోందని కొందరితో చెప్పాడు. సోమవారం ఉదయం ప్రార్థనకు గుమిగూడిన పిల్లల మీద కాల్పులు జరిపి ముగ్గురు ఆడపిల్లలను చంపి, తుపాకీ కింద పెట్టేసి, నన్ను చంపెయ్యండి అని వేడుకున్నాడు. అక్కతో పోలిక, మగతనం మీద పడిన మచ్చ, పెద్దపని చేస్తే అయినా లెక్కలోకి వస్తానన్న ఆశ. వీటిలో ఏ ఒక్కటీ హత్యకు కారణం కాజాలదు. అన్నీ కలిసి ఒక పద్నాలుగేళ్ల మెదడులో ఏ రూపం తీసుకుంటాయో ఊహించడం మాత్రం నాకు కష్టం కాలేదు. ఆ ఒక్కొక్క బరువునూ మోసిన పిల్లలు మన ఇళ్లల్లోనూ ఉన్నారు.

ఇలా కాల్చినవాళ్లు దాదాపు అందరూ మగపిల్లలే. ఆడపిల్లలకు అవమానాలు తక్కువని ఎవరూ అనలేరు. అవమానాన్ని బలప్రదర్శనతో కడుక్కోవాలన్న పాఠం మగపిల్లలకే అందుతోందన్నది నా నమ్మకం. ఆ పాఠం బడిలో కంటే ఇంట్లోనే, వాడిని నువ్వూ తిరిగి కొట్టి రావాల్సింది అనే మాటల్లోనే ముందు మొదలవుతుంది.

అందరూ అందరికీ తెలిసిన ఊళ్లు

న్యూమన్ చెప్పినవాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది వేరే ఉంది. ఈ దాడులు జనం ఒకరినొకరు పట్టించుకోని మహానగరాల్లో కాకుండా, చర్చిలో, ఆటల మైదానంలో, కిరాణా దుకాణంలో రోజూ ఒకరికొకరు ఎదురయ్యే చిన్న ఊళ్లలో ఎక్కువగా జరిగాయి. అలాంటి ఊళ్లో పొరుగింటి పిల్లవాడి గురించి ఒక చెడ్డ సంగతి తెలిస్తే, ఆ ఇంటివాళ్లతో జీవితాంతం కలిసి ఉండాలి కాబట్టి ఎవరూ చెప్పరు. పైగా కొత్త బడికి వెళ్లిన పిల్లవాడు పాత మచ్చలు లేకుండా మొదలుపెట్టాలన్న సదుద్దేశంతో కింది బడి పై బడికి సంగతులు అందించదు. ఇంగ్లీషు టీచరు ఒక కథ చదివి కలత పడుతుంది, మరో టీచరు ఇంకేదో చూస్తుంది, ఎవరికి వాళ్లు చిన్న విషయమే అనుకుంటారు.

మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబరు 30న జరిగినది చదువుతున్నప్పుడు నేను మధ్యలో రెండుసార్లు ఆపి లేచి వెళ్లిపోయాను. దాడికి నాలుగు రోజుల ముందు తండ్రి పదిహేనేళ్ల కొడుకు కోసం పిస్తోలు కొన్నాడు. ముందురోజు ఆ పిల్లవాడు తరగతిలో ఫోన్లో తూటాల కోసం వెతకడం ఒక టీచరు చూసి ఇంటికి కబురు పెడితే, తల్లి కొడుకుకు తనకు కోపం లేదనీ, దొరక్కుండా ఉండడం నేర్చుకోవాలనీ సరదాగా సందేశం పంపింది. ఆ ఉదయం లెక్కల కాగితం మీద వాడు తుపాకీ బొమ్మ వేసి, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చెయ్యండి అని రాశాడు. టీచరు చూసింది, కౌన్సెలర్ తల్లిదండ్రులను పిలిపించాడు. పిస్తోలు సంగతి తల్లిదండ్రులకు తెలుసు, బొమ్మ సంగతి బడికి తెలుసు, సంచిలో ఏముందో పిల్లవాడికి తెలుసు. ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్నారు. తల్లిదండ్రులు కొడుకును ఇంటికి తీసుకుపోకుండా వెళ్లిపోయారు, సంచి ఎవరూ వెతకలేదు, వాడు తరగతికి తిరిగి వెళ్లాడు, రెండు గంటల తరవాత నలుగురు పిల్లలు చనిపోయారు. 2024లో ఆ తల్లికీ తండ్రికీ ఒక్కొక్కరికి పది నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష పడింది.

టెక్సాస్‌లోని యువాల్డీలో 2022 మే 24న పంతొమ్మిది మంది పిల్లలనూ ఇద్దరు టీచర్లనూ చంపినవాడికి పద్దెనిమిదేళ్లు నిండి వారం దాటిందంతే. నత్తి ఉన్నందుకు నాలుగో తరగతిలో వాడిని ఏడిపించారు. వాడు తిరిగి వెళ్లి కాల్చింది ఆ నాలుగో తరగతి గదిలోనేనని శాసనసభ సంఘం నివేదిక చెప్పింది. పదిహేడేళ్లప్పుడు తుపాకీ కొనిపెట్టమని అడిగితే కాదన్నవాళ్లు ఇద్దరున్నారు. ఆన్‌లైన్‌లో తోటివాళ్లు వాడికి బడిలో కాల్చేవాడు అనే పేరే పెట్టి పిలిచారు. విండర్ కుర్రవాడి విషయంలో 2023 మేలోనే ఆన్‌లైన్ బెదిరింపుల గురించి ఎఫ్‌బీఐకి సమాచారం అందింది, షెరీఫ్ (స్థానిక పోలీసు అధికారి) మనుషులు ఇంటికి వెళ్లి తండ్రీకొడుకులతో మాట్లాడారు, తాను కాదని పిల్లవాడు అన్నాడు, విషయం అక్కడితో ముగిసింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు తండ్రి వాడికి రైఫిల్ బహుమతిగా ఇచ్చాడని అధికారులు చెప్పారు.

బెదిరింపుగా పొరపాటు పడితే

జరిగిపోయాక వెనక్కి చూస్తే అన్నీ సంకేతాల్లాగే కనిపిస్తాయని నాకు తెలుసు. ఈ అభ్యంతరం నన్ను నిజంగానే ఇబ్బంది పెట్టింది. నల్లబట్టలు వేసుకున్న, చావు గురించి కవితలు రాసుకున్న పిల్లలను పట్టుకుపోవడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుంది? నా స్నేహితురాలి కొడుకు ఆరో తరగతిలో ఉండగా స్నేహితుల గ్రూపులో బడిని పేల్చేస్తానని పరాచికానికి రాశాడు. ఎవరో ఆ సందేశాన్ని ఫొటో తీసి పంపారు. పదకొండేళ్ల పిల్లవాడిని పోలీసు అధికారి ముందు కూర్చోబెట్టారు, పది రోజులు బడికి రానివ్వలేదు. వాడు ఇవాళ్టికీ ఏ సందేశమైనా మూడుసార్లు చదివిగాని పంపడు, మనసులో మాట ఎవరికీ చెప్పడు. ఒక పిల్లవాడి నోరు ఇలా మూసేసిన బడి, నిజంగా ఆపదలో ఉన్న ఇంకో పిల్లవాడు తన దగ్గరకు వచ్చి మాట్లాడాలని ఎలా ఆశించగలదు?

వర్జీనియా విశ్వవిద్యాలయంలో డ్యూయీ కార్నెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో తయారుచేసిన పద్ధతి ఈ సందేహానికి కొంతవరకు సమాధానమిస్తుంది. కోపంలోనో పరాచికానికో జారిన మాట ఒకటి, వెనక ఒక ఆలోచనా ఏర్పాటూ ఉన్న మాట ఇంకొకటి. ఆ తేడా తేల్చడానికి ప్రిన్సిపల్, కౌన్సెలర్, పోలీసు అధికారి కలిసి కూర్చుని తలా తమకు తెలిసింది బల్ల మీద పెడతారు, పిల్లవాడితో మాట్లాడతారు. వర్జీనియా 2013లో ప్రభుత్వ బడులన్నిటికీ ఇలాంటి బృందాలను తప్పనిసరి చేసింది. ఈ పిల్లవాడికి ఏం కావాలి అని కూడా ఆ బృందం అడుగుతుంది. సీక్రెట్ సర్వీసు 2021లో మరో నివేదికలో జరగకుండా ఆగిన 67 పథకాలను పరిశీలించింది. వాటిలో ఎక్కువ భాగం బయటపడింది తోటి పిల్లలు ఎవరో పెద్దవాళ్లకు చెప్పడం వల్లే. ఆ చెప్పే పిల్లకు, తాను చెప్పిన మాటతో స్నేహితుడికి సంకెళ్లు పడవని, సాయం అందుతుందని నమ్మకం ఉండాలి.

నేను చెప్పిన మాట

2022లో మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా, కారులో ఇంటికి వస్తూ, తన సైన్సు తరగతిలో పక్కన కూర్చునే అబ్బాయి గురించి చెప్పింది. తాను లేకపోయినా ఎవరికీ తెలియదనీ, ఏదో ఒకరోజు అందరికీ తెలిసేలా చేస్తాననీ అన్నాడట. నాకు ఒళ్లు జలదరించింది. నేను వెంటనే అన్న మాట: “మనకెందుకమ్మా ఇవన్నీ? టీచర్‌నడిగి సీటు మార్పించుకో.” అది నేను పెరిగిన ఇంట్లో వెయ్యిసార్లు విన్న మాట. పరాయి దేశంలో, పరాయి పిల్లవాడి గురించి, నా యాసతో బడికి ఫోన్ చేసి ఏం చెప్పాలన్న బెరుకు కూడా ఉంది. మా అమ్మాయి సీటు మార్పించుకుంది. అంటే వాడి పక్కన ఉన్న ఒక్క మనిషి కూడా లేచి వెళ్లిపోయింది.

రెండు నెలలకు ఆ అబ్బాయి బడికి రావడం మానేశాడు. ప్రాణం తీసుకోబోయాడనీ, ఆసుపత్రిలో ఉన్నాడనీ తరవాత తెలిసింది. బతికాడు. వాడు ఎవరి మీదకూ తుపాకీ ఎత్తలేదు, ఎత్తేవాడని అనడానికి నాకు హక్కూ లేదు. కానీ విండర్ వార్త వచ్చిన రోజు రాత్రి, ఎవరికైనా ముందే తెలిసి ఉంటుందా అని నేను టీవీ ముందు పైకే అనుకుంటుంటే, మా అమ్మాయి తల ఎత్తకుండా, “నేను నీకు చెప్పాను కదమ్మా” అంది. ఎవరి గురించి అంటోందో నేను అడగలేదు.

బీరువాలో చీరల కింద

తుపాకీ లేకపోతే ఇదంతా ఎక్కడికి దారితీసేదన్న ప్రశ్నకు మన దగ్గరే సగం జవాబుంది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అవమానం, ఇంట్లోవాళ్లకు ముఖం చూపించలేకపోవడం, ఇక దారి లేదన్న నమ్మకం అవే. అక్కడ దుఃఖం ఆ పిల్లల మీదకే తిరిగింది. మన పెంపకం గొప్పదని గ్రూపులో రాసినవాళ్లు ఆ ఇరవై ఇళ్లకు ఏం చెబుతారు? తుపాకీ చేతికందితే మన దేశమూ మినహాయింపు కాదు. 2007 డిసెంబరులో గుర్‌గావ్‌లోని ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడిని తోటివాళ్లు కాల్చి చంపారు. పిస్తోలు ఒక పిల్లవాడి తండ్రిది.

అమెరికాలో పౌరుల చేతుల్లో 39 కోట్లకు పైగా తుపాకులున్నాయని స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2018లో అంచనా వేసింది. బడుల్లో పేలినవాటిలో అత్యధిక భాగం ఇంట్లోంచో బంధువుల ఇంట్లోంచో వచ్చినవే. 2009లో జర్మనీలోని విన్నెండెన్‌లో పదిహేను మందిని చంపినవాడి తండ్రికి పదిహేను తుపాకులుండేవి. పద్నాలుగింటిని తాళం వేసిన పెట్టెలో పెట్టాడు, పదిహేనోది పడకగదిలో ఉంచాడు. ఇది చదివినప్పుడు నాకు మా తెలుగువాళ్ల ఇళ్లే గుర్తొచ్చాయి. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లల్లో దొంగలు పడుతున్నారన్న భయంతో మా పరిచయస్తుల్లో రెండు కుటుంబాలవాళ్లు పిస్తోళ్లు కొన్నారు. ఒకావిడ దాన్ని బీరువాలో చీరల కింద పెట్టానని, పిల్లలకు తెలియదని నాతో చెప్పింది. ఆవిడ కొడుకు మా అమ్మాయికి స్నేహితుడు. వాడికి తెలుసని మా అమ్మాయికి తెలుసు. ఈసారి నేను ఊరుకోలేదు. ఆవిడ నెల రోజులు నాతో మాట్లాడలేదు, కానీ తాళం వేసే పెట్టె కొంది.

పేర్లు రాయకపోవడానికి కారణం కూడా ఇక్కడే చెప్పాలి. కొలంబైన్ తరవాత వచ్చినవాళ్లలో చాలామంది ముందువాళ్ల గురించి చదివి, అంకెలు రాసుకుని, వాళ్లను పూజించి దిగినవాళ్లే. 2012లో అమెరికాలోని శాండీ హుక్ బడిలో ఇరవైమంది పసిపిల్లలను చంపినవాడు అంతకుముందు జరిగిన హత్యాకాండల వివరాలను ఏళ్లతరబడి పట్టికలుగా పేర్చుకున్నాడు. కుంగిన పిల్లవాడి దుఃఖానికి ఆకారం ఇవ్వడానికి ఒక కథ ముందే సిద్ధంగా ఉంది, ఆ కథలో వాడికి ఒక పేరు దొరుకుతుంది. నా రాత చదివే నాలుగు వందల మందిలో ఎవరికీ ఆ పేరు నా చేత్తో అందకూడదు.

మొన్న అమ్మతో మాట్లాడుతూ ఆక్స్‌ఫర్డ్ పిల్లవాడి లెక్కల కాగితం గురించి చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. లైను తెగిందనుకున్నాను. కాసేపటికి, తొంభైల్లో తన దగ్గర పదో తరగతి చదివిన ఒక పిల్లవాడి గురించి చెప్పింది. నా ఆశయం అన్న వ్యాసం రాయమంటే, తనకు ఆశయాలేమీ లేవనీ, తాను లేకపోతే ఇంట్లో గొడవలు తగ్గుతాయనీ ఒక పేజీ నిండా రాశాడట. ఆ ఏడు ఫలితాలు రాకముందే పోయాడట. ఈ సంగతి నేను ఎప్పుడూ వినలేదు. నాన్నకు కూడా చెప్పలేదేమో.

“చేతిరాత ముత్యాల్లా ఉండేదే,” అంది అమ్మ. “ఒత్తులు రెండు తప్పు రాస్తే ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేశాను. హెడ్మాస్టరుగారికి కూడా చూపించలేదు. వ్యాసమే కదా అనుకున్నాను.”